బాధ్యులైన పెద్దలకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కుల సంఘాల, వర్తక సంఘాల బాధ్యులకు, జెండా పండుగ కమిటీల పెద్దలకు,



మీలో చాలామందికి నేను తెలుసు. కొందరికి చదువు చెప్పాను, కొందరి పిల్లలకు చెప్పాను. ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న సర్కారు బడుల్లో ముప్పై మూడేళ్లు తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇన్నాళ్లూ మీ సభల్లో వెనక కుర్చీలో కూర్చుని విన్నదే ఎక్కువ. ఇప్పుడు ఈ ఉత్తరం పదిమందీ చదివేలా రాస్తున్నాను. పదిమందిలో నేను అడిగిన మాటను మీరు పదిమందిలోనే తోసేశారు కాబట్టి.

మొన్న పంద్రాగస్టుకు వారం ముందు, మన మూడు ఊళ్లలో ఒక ఊళ్లో, ఒక సంఘ భవనంలో జెండా పండుగ ఏర్పాట్ల మీద కూర్చున్నాం. ఏ ఊరో, ఏ భవనమో చెప్పను. అక్కడ జరిగింది మిగతా రెండు ఊళ్లలోనూ అలాగే జరిగేది. జెండా ఎవరు ఎగరేయాలి, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ముందుండాలి, మిఠాయి ఎక్కడ చెప్పాలి అన్నవి తేలాక నేను లేచి రెండు కోరికలు కోరాను. జాతీయగీతం కాగానే పిల్లలతో పాటు మనమూ ప్రతిజ్ఞ చెబుదామన్నాను. కులం కాని పిల్లను పెళ్లి చేసుకుని మన గడ్డ మీద ప్రాణం పోగొట్టుకున్న ఇద్దరు యువకులను తలచుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడదామన్నాను.

మొదటిదానికి నవ్వారు. “ప్రతిజ్ఞ బడిపిల్లలది కద సార్, మనకెందుకు?” అన్నారు. రెండోదానికి ఎవరూ నవ్వలేదు. కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. “పండుగ పూట ఆ ముచ్చట ఎందుకు సారూ? ఊరి ఇజ్జత్ పోతది. అది వాళ్ల ఇంటి పంచాయితీ,” అన్నారొకరు. తలలు ఊగాయి. “దేశం గొప్ప చెప్పుకునే రోజున దేశాన్ని చిన్నబుచ్చుడు మంచిది కాదు,” అన్నారు మరొకరు. తీర్మానాల పుస్తకంలో నా కోరికలు ఎక్కలేదు.

ఇంటికి వచ్చాక కూడా ఒక మాట నన్ను వదల్లేదు. “వాళ్ల.”

మన భాషకు ఉన్న సంపదల్లో “మా”, “మన” అన్న జంట ఒకటి. ఎదుటివాణ్ణి పక్కన పెట్టి చెప్తే “మా”, కలుపుకుని చెప్తే “మన”. ఒక్క అక్షరం తేడాతో మనిషిని లోపలికి రానిస్తాం, లేదా గడప అవతల నిలబెడతాం. ఎప్పుడు ఏది వాడుతున్నామో చూస్తే మన మనసు తెలిసిపోతుంది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు చనిపోయారు. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు ఆయన కమాండింగ్ ఆఫీసర్. ఆయనతో కలిపి 20 మంది సైనికులు పోయారు. మూడు రోజుల తర్వాత సూర్యాపేట పక్కన కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా భయంతో గడప దాటని రోజులవి. అయినా జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడి పూలు చల్లారు. నేనూ నిలబడ్డాను. ఆ రోజు మనం అన్న మాట ఏమిటి? “మన సూర్యాపేట బిడ్డ.” ఏడాది తిరిగేసరికి, 2021 జూన్ 15న, పట్టణంలో విగ్రహం లేచింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. కోదాడ వాళ్లూ, మిర్యాలగూడ వాళ్లూ కూడా “మన ఉమ్మడి నల్లగొండ బిడ్డ” అన్నారు. అది అనాల్సిన మాటే. ఆ విగ్రహం ముందు నుంచి వెళ్తే నేనిప్పటికీ చెప్పులు విడిచి ఒక నిమిషం ఆగుతాను.

పెద్దలారా, ఆయన వీరత్వంలో మీ చెయ్యి ఎంత? నా చెయ్యి ఎంత? ఆ చలిలో నిలబడింది ఆయన. శత్రువు ఎదుటికి వెళ్లింది ఆయన. మనం ఇక్కడ ఫ్యాను కింద పడుకున్నాం. ఐనా “మన” అన్నాం, అంటే ఆయన గొప్పలో వాటా తీసుకున్నాం. ఊరు ఒకటే, మట్టి ఒకటే, కాబట్టి తీసుకోవచ్చనుకున్నాం.

మరి అదే ఊళ్లో, అదే మట్టిలో జరిగిన నేరంలో వాటా తీసుకోవాల్సి వచ్చేసరికి “వాళ్ల” ఎలా అయ్యింది?

2018 సెప్టెంబర్ 14. మిర్యాలగూడ. గర్భవతి అయిన భార్యను డాక్టరుకు చూపించి ఆసుపత్రి గేటు దాటుతున్న యువకుణ్ణి పట్టపగలు వెనక నుంచి నరికారు. అతని తల్లి పక్కనే ఉంది. అల్లుడిది తమ కులం కాదన్న కోపంతో పిల్ల తండ్రే కోటి రూపాయల సుపారీ మాట్లాడాడని పోలీసులు చెప్పారు. సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యం దేశమంతా చూసింది. ఆ తర్వాత మన ఊళ్లో జరిగింది దేశం అంతగా చూడలేదు, మీరూ నేనూ చూశాం. కొవ్వొత్తులు పట్టుకుని నడిచినవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం. కానీ ఆ తండ్రికి మద్దతుగా ఊరేగింపు తీసినవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రుల బాధ ఎవరికీ పట్టదా అని నినాదాలిచ్చినవాళ్లు ఉన్నారు. చనిపోయిన కుర్రాడికి విగ్రహం అన్న మాట రాగానే వద్దని అడ్డం నిలబడ్డవాళ్లు ఉన్నారు. ఆరున్నరేళ్లకు, 2025 మార్చి 10న, నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. కోర్టు తన పని చేసింది. ఆ ఊరేగింపు గురించి మాత్రం ఏ కోర్టూ తీర్పు చెప్పదు. అది మనమే చెప్పుకోవాలి. మనం చెప్పుకున్నామా?

తీర్పు రావడానికి ఆరు వారాల ముందే ఇంకొకటి జరిగింది. 2025 జనవరి 27 ఉదయం. ముందురోజే రిపబ్లిక్ డే. సూర్యాపేట శివార్లో పిల్లలమర్రి దగ్గర మూసీ కాలువ కట్ట మీద ఒక యువకుడి శవం దొరికింది. దళితుడు. వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆరు నెలలు. పోలీసులు అమ్మాయి ఇంటివాళ్లను పట్టుకున్నారు. ఎవరిది ఎంత నేరమో తేల్చేది కోర్టు, అది నా పని కాదు. నా మాట పిల్లలమర్రి గురించి. దూరం నుంచి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం? పిల్లలమర్రికే. కాకతీయుల కాలంనాటి ఎఱకేశ్వరాలయం, నామేశ్వరాలయం చూపిస్తాం. ఆ నల్లరాతి స్తంభం మీద గోటితో మీటి, మోగుతుందా లేదా వినమంటాం. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఊరు ఇదని నేను ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పానో. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాయి చెక్కినవాడు మనవాడైతే, నిన్నగాక మొన్న ఆ ఊరి కాలువ కట్ట మీద పడి ఉన్నవాడు మనవాడు కాకుండా ఎలా పోయాడు? ఆ రాత్రి అతణ్ణి అక్కడ పడేసిన చేతులు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చిన చేతులా?

మీరు నవ్విన ప్రతిజ్ఞ గురించి ఇప్పుడు చెప్తాను. అది ఎక్కడిదో కాదు. రాసినాయన మనవాడే. పైడిమర్రి వెంకట సుబ్బారావు, నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో పుట్టారు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో పిల్లలు వాళ్ల వాళ్ల భాషల్లో చెప్తున్నారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉండేది కాదు. చేతికి అందిన ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఆ ప్రతిజ్ఞ ఉన్నా, అది మన జిల్లావాడు రాశాడని పంతులైన నాకే సగం సర్వీసు అయ్యాక తెలిసింది.

ముప్పై మూడేళ్లు రోజూ పొద్దున విన్నాను కాబట్టి అందులో మాటల వరుస నా నోట్లో నానిపోయింది. ఆ వరుస మీరు ఒక్కసారి మనసులో చెప్పుకుని చూడండి. మొదట దేశాన్ని తల్లి అంటుంది. వెంటనే, ఇంకే మాటా అనకముందే, ఈ దేశంలో ఉన్న ప్రతివాణ్ణీ తోబుట్టువు అనిపిస్తుంది. ప్రేమ ఆ తర్వాత. గర్వం ఇంకా ఆ తర్వాత, అదీ మనకు దక్కిన వారసత్వం గురించి. అక్కడితో ఆగితే మీరు వేసే ఫ్లెక్సీకి సరిపోయేది. కానీ ఆ ట్రెజరీ అధికారి ఆగలేదు. గర్వం అన్న మాట వెనకే, ఆ వారసత్వానికి తగినవాణ్ణి కావడానికి పాటుపడతానని ప్రతి పిల్లవాడి చేత చెప్పించాడు. అంటే ఈ గర్వం ముందుగా తీసుకున్న అప్పు. ఖజానా లెక్కలు చూసేవాడికి అప్పు సంగతి తెలియకుండా ఉంటుందా?

పెద్దల్ని గౌరవిస్తానన్న మాట కూడా అందులో ఉంది, నిజమే. పిల్లల పెళ్లిళ్ల మాట వచ్చినప్పుడల్లా మీరు ఎత్తేది అదే. కానీ ఆ పక్కనే ప్రతి ఒక్కరితో మర్యాదగా మెలుగుతానన్న మాటా ఉంది. ఆ “ప్రతి ఒక్కరు”లో మీ ఇంటికి రాబోయే అల్లుడు లేడా?

నేను మాత్రం ఆ ప్రతిజ్ఞను నిలబెట్టానా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. ఒక సంగతి చెప్తాను. ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

2003లో బడుల్లో మధ్యాహ్న భోజనం కొత్తగా మొదలైంది. అప్పుడు నేను కోదాడ వైపు ఒక పల్లెలో పనిచేస్తున్నాను. మా బడిలో ప్రతిజ్ఞ చెప్పించే పిల్ల ఒకతి ఉండేది. ఐదో తరగతి. గొంతు ఖంగుమనేది. ఆ పిల్ల కుడిచెయ్యి చాచి ఒక ముక్క చెప్తే, రెండు వందల మంది చేతులు చాచి ఆ ముక్క అనేవాళ్లు. వంట చేయడానికి ఊళ్లోవాళ్లు కుదిర్చింది ఆ పిల్ల తల్లినే. మాదిగవాడ నుంచి వచ్చేది. మొదటి రోజు పొద్దున్నే వేపచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, గంజులో పప్పు ఉడకేసింది. పోపు వాసన ఎనిమిదో తరగతి గదిలోకి వస్తుంటే పిల్లలు పాఠం వినలేదు. పన్నెండున్నరకు బెల్లు కొట్టాం. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని గంటె పట్టుకుని నిలబడింది. సగం మంది పిల్లలు వరుసలో రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు తీసుకుని అటు గోడ పక్కకు వెళ్లి కూర్చున్నారు. ఇళ్లల్లో ముందురాత్రే చెప్పి పంపారు. పొద్దున తొమ్మిదిన్నరకు ఆ పిల్ల నోటి వెంట తోబుట్టువుల మాట అన్న పిల్లలు, మూడు గంటలు తిరిగేసరికి ఆ పిల్ల తల్లి చేతి కూడు తినలేదు.

ఆ పిల్ల పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి, తల్లి మొహం చూసింది, గోడ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నా టిఫిను కూడా ఇంటి నుంచి వచ్చిందే. స్టాఫ్ రూంలోకి వెళ్లి తిన్నాను.

మరునాడు ప్రార్థనలో ఆ పిల్ల ముందుకు రాలేదు. ఎందుకని నేను అడగలేదు. ఇంకో పిల్లవాణ్ణి పిలిచి చెప్పించాను. మూడు నెలలకు ఆ తల్లిని మాన్పించి వేరే ఆవిడను పెట్టారు. ఆ రోజు వరుసలో పళ్లెం పట్టుకుని నేనూ నిలబడి ఉంటే ఏమయ్యేది? కొందరు తల్లిదండ్రులు కోప్పడేవాళ్లు. హెడ్మాస్టరు పిలిపించేవాడు. అంతకంటే ఏమీ కాదు. ఆ పప్పన్నం మాత్రం పిల్లలందరూ తినేవాళ్లు, ఎందుకంటే తెలుగు సార్ తిన్నాడు కదా అని. నేను చెయ్యని పని అది. మిమ్మల్ని నిలదీసే ముందు దీన్ని చెప్పుకోకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు ఉండదు.

ఊరి మంచి చెడ్డలను తన నెత్తిన వేసుకోవడం మన ప్రాంతానికి కొత్తా? 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేస్తుంటే, నిజాం రాజ్యంలో ఉన్న మన తాతలకు ఆ జెండా ఎత్తడమే నేరం. ఎత్తినవాళ్లు జైళ్లలో కూర్చున్నారు. మనకు ఆ జెండా 1948 సెప్టెంబర్ 17 తర్వాతే అందింది. అంతకు ముందే, 1941లో, కోదాడ పక్కనున్న చిలుకూరులో ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షత. ఆ తర్వాత ఆంధ్ర మహాసభ పల్లెల్లో పెద్దగా ఎత్తుకున్న మాట వెట్టి. ఎవరు చేయించుకుంటున్న వెట్టి? పరాయివాళ్లది కాదు. ఆ సభ నాయకుల కులంవాళ్లు, వాళ్ల బంధువులు, ఒక్కోసారి వాళ్ల సొంత ఇంటివాళ్లు చేయించుకుంటున్నది. రావి నారాయణరెడ్డి పుట్టింది భూములున్న ఇంట్లో. సూర్యాపేట వైపు కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పుట్టింది కూడా అలాంటి ఇంట్లోనే. ఊళ్లో దొరతనం తప్పంటే మన ఇంటి ఇజ్జత్ పోతుందని వాళ్లు అనుకుని ఉంటే ఈ నేల మీద వెట్టి ఎన్నేళ్లు సాగేది? 1952లో తొలి ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపారు. తమ ఇంటి తప్పును ఎత్తి చూపినవాణ్ణి ఈ జిల్లా వెలివేయలేదు, నెత్తిన పెట్టుకుంది. మీరు ఆ జిల్లావాళ్లే కదా?

“బయటివాళ్ల ముందు మన తప్పులు చెప్పుకుంటే దేశం పలచనైపోదా?” అని ఆ రోజు సభ అయ్యాక మెట్ల దగ్గర ఒకాయన నన్ను మర్యాదగానే అడిగాడు. ఆయనకు అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. 1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ నాయకుడు విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సాలో, నాజీలకు ఎదురు తిరిగి చనిపోయిన యూదుల స్మారకం ముందు తడినేల మీద మోకాళ్లపై కూర్చున్నాడు. ఆయన నాజీ కాడు. నాజీలను ఎదిరించి, దేశం విడిచి, పరాయి దేశాల్లో తలదాచుకున్నవాడు. “నేను చేయలేదు, వాళ్లు చేశారు” అనే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆ “వాళ్లు” అన్న మాట ఆయన అనలేదు. దానితో జర్మనీ పలచనైందా? ఆ దేశాన్ని పక్క దేశాలు మళ్లీ నమ్మడానికి ఆ మోకాళ్లు ఎంత పనిచేశాయో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు.

అంత దూరం వద్దంటారా, అంబేద్కర్ మాట తీసుకోండి. ఆయన విగ్రహం మూడు ఊళ్లలోనూ ఉంది, ఏప్రిల్ 14న మీరూ దండలు వేస్తారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన కులాలు జాతికి వ్యతిరేకమైనవని తేల్చి చెప్పారు. మనుషులను వేరు చేసి, ఒకరి మీద ఒకరికి అసూయ, వైరం పుట్టిస్తాయి కాబట్టి. దేశభక్తి పేరుతో నా నోరు మూయించిన పెద్దమనిషిని ఇదే అడుగుతున్నాను. ఆ రోజు ఆ గదిలో దేశాన్ని చిన్నబుచ్చింది ఎవరు, కులం కోసం జరిగిన హత్యను తలుద్దామన్న నేనా, దాన్ని ఇంటి పంచాయితీ అన్నవాళ్లా?

ఇంకొక సంగతి కూడా చూడండి. సంతోష్ బాబుతో పాటు ఆ రాత్రి పోయినవాళ్లలో బిహార్ వాళ్లు, పంజాబ్ వాళ్లు, తమిళనాడు, ఒడిశా, జార్ఖండ్ వాళ్లు, ఆదివాసీ పల్లెల కుర్రాళ్లు ఉన్నారు. మన కల్నల్ వాళ్లకు పెద్ద దిక్కు, వాళ్లు ఆయనకు అండ. అదే బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఈరోజు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోస్తున్నారు. మిర్యాలగూడ బియ్యం గొప్ప అని మనం చెప్పుకునే ప్రతి బస్తా ఎవరో ఒక హమాలీ వీపు మీద నుంచి లారీ ఎక్కిందే. మిల్లు పక్కన రేకుల షెడ్లలో వాళ్లు ఎలా ఉంటున్నారో జెండా పండుగ నాడు ఒక్కసారి వెళ్లి చూశామా? “మన” అన్న మాట గల్వాన్ దాకా పోయి, మిల్లు గేటు దగ్గర ఆగిపోతోంది.

మన నల్లగొండ పట్టణంలో 2021 జనవరి నుంచి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కూడళ్లలో జాతీయగీతం వినిపిస్తుంది. బండ్లు ఆగుతాయి, కూరగాయల బేరం ఆగుతుంది, బస్సుకోసం పరుగెత్తేవాళ్లూ ఆగుతారు. పని మీద వెళ్లినప్పుడు నేనూ ఆగి నిలబడ్డాను. కళ్లు చెమ్మగిల్లాయి, అబద్ధం చెప్పను. అది మంచి పని, దాన్ని మొదలుపెట్టినవాళ్లు మంచివాళ్లు. 52 సెకన్లు మనం ఒకరి పక్కన ఒకరం, కులం అడక్కుండా నిలబడగలమని అది రోజూ రుజువు చేస్తోంది. యాభై మూడో సెకను నుంచి మీ బాధ్యత మొదలవుతుందని మాత్రమే నా మనవి.

బాధ్యత అన్నాను. ఆ మాట మీదే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కలిస్తే మన పత్రికలు “సంఘ బాధ్యులు” అని రాస్తాయి. మీ లెటర్‌ప్యాడ్ల మీద మీరే అచ్చేయించుకుంటారు. తెలుగు పంతులుగా నాకు ఎంతో ఇష్టమైన మాట అది. పదవిని కుర్చీగా కాక మోయాల్సిన బరువుగా చెప్పే మాట ఎన్ని భాషల్లో ఉందో నాకు తెలియదు. మీరు దేనికి బాధ్యులు? వనభోజనాలకా, ప్రతిభా పురస్కారాలకా, వధూవరుల పరిచయ వేదికలకా? అవన్నీ మంచివే. మీ కులంలో ఒక ఇంటి పిల్ల వేరే కులం అబ్బాయిని చేసుకున్న రోజున, ఆ తండ్రి తల పట్టుకుని మొట్టమొదట వచ్చేది మీ దగ్గరికే. పోలీస్ స్టేషన్‌కు కాదు, కోర్టుకు కాదు. ఆ సాయంత్రం మీ గదిలో మీరు చెప్పే మాట మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. “ఎట్ల ఊరుకున్నవురా” అంటారా? “పిల్లలు మేజర్లు, వాళ్ల బతుకు వాళ్లది, నువ్వు తొందరపడితే మేం నీ వెంట ఉండం” అంటారా? మిర్యాలగూడలో ఆ హత్య జరగడానికి ఐదున్నర నెలల ముందే, 2018 మార్చి 27న, సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తేల్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లిలో వేలు పెట్టే హక్కు ఏ కుల పెద్దల గుంపుకూ లేదని. అలాంటి జంటలకు కాపు కాయడానికి జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టమని ప్రభుత్వాలకు కూడా చెప్పింది. ఆ తీర్పు సంగతి మీ సంఘ సమావేశాల్లో ఎన్నడైనా చదివి వినిపించారా? మన మూడు ఊళ్లలో భయంతో దాక్కున్న జంట ఎవరికి ఫోన్ చేయాలో మీ క్యాలెండర్ మీద అచ్చు వేశారా? ఏటా వేల క్యాలెండర్లు పంచుతారు కదా.

మనవాళ్లు మారరని అనకండి. ఇరవై ఏళ్ల కిందట సూర్యాపేట రోడ్ల మీద చెత్తకుండీ అన్నది లేకుండా చేసి చూపించారు. ఖాదర్ సాహెబ్ అనే మున్సిపల్ కమిషనర్ ఇంటింటికీ బండి పంపితే, జనం తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చారు. ఎక్కడెక్కడి మున్సిపాలిటీల వాళ్లో వచ్చి చూసి వెళ్లారు. చెత్త నాది అని ఒప్పుకున్నందుకే కదా ఊరు శుభ్రమైంది. వీధిలో చెత్తకు “నాది” అన్నవాళ్లం, వీధిలో నెత్తురుకు అనలేమా?

విగ్రహం పెట్టమని నేను అడగడం లేదు. ఏ కులాన్నీ దోషిగా నిలబెట్టమనడం లేదు. హత్య చేసినవాళ్లు కొందరు మనుషులు, వాళ్ల శిక్ష వాళ్లది, ఆ కులాల్లోని లక్షల మంది కష్టజీవులకు దానితో సంబంధం లేదు. అడుగుతున్నది రెండే. వచ్చే జనవరి 26న జెండా ఎగిరాక మీ మూడు ఊళ్ల సంఘాలు ఒక్క తీర్మానం చదవండి. మా కులంలో ఎవరైనా పెళ్లి పేరుతో ప్రాణం తీస్తే, ఆ మనిషి వెంట మేం నడవం, ఊరేగింపు తీయం, జామీను కోసం చందాలు ఎత్తం అని. ఒక్క పేజీ. మీ లెటర్‌ప్యాడ్ మీద, మీ సంతకాలతో. రెండోది, ఆ రోజు పిల్లలతో పాటు ప్రతిజ్ఞ చెప్పండి. చెయ్యి చాచి, గొంతెత్తి, వాళ్లకు వినపడేలా.

నా సంగతి నేను నిశ్చయించుకున్నాను. ఆ ఐదో తరగతి పిల్ల ఇప్పుడు ఎక్కడుందో కనుక్కున్నాను. కోదాడలోనే ఉంది, ఇద్దరు పిల్లల తల్లి, పెద్దవాడు సర్కారు బడిలో చదువుతున్నాడు. ఆ ఇంటికి వెళ్లి, ఇరవై ఏళ్ల కిందట చెప్పాల్సిన మాట చెప్పి వచ్చాను. “ఇప్పుడు గుర్తొచ్చిందా సార్?” అంది. తిట్టలేదు. చాయ్ పెట్టి ఇచ్చింది, కూర్చుని తాగాను. జనవరి 26న తన కొడుకు బడికి రమ్మంది. వాడే ప్రతిజ్ఞ చెప్పిస్తాడట.

ఆ పొద్దున ఎనిమిదింటికి నేను ఆ బడి ఆవరణలో, పిల్లల వెనక వరుసలో ఉంటాను. ఆ వరుస పొడవైనది. మీకూ చోటుంటుంది.

ఇట్లు,
మీ క్షేమం కోరే
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు
మిర్యాలగూడ